రెండు పక్కల బెంచీలు

వారం దినాలుగా మన అసోసియేషన్ గ్రూపులో ఒకటే మాట నడుస్తా ఉంది. మగవాళ్ళు మగవాళ్ళను, ఆడవాళ్ళు ఆడవాళ్ళను పెళ్ళి చేసుకోవచ్చా అనే తగాదాలో అమెరికా మెథడిస్టు చర్చి చీలిపోయిందని ఎవరో పంపించారు. దాని కింద మనవాళ్ళే రెండు కట్టలుగా నిలబడి మాటా మాటా అనుకున్నారు. వివరంగా రాయండి అని ఇద్దరు ముగ్గురు అడిగినారు. మేము బడిలో చదివింది అరవం, తెలుగు అమ్మ నోట నేర్చింది. తప్పులుంటే సర్దుకోండి.

ముందు జరిగింది చెప్తాము. యునైటెడ్ మెథడిస్ట్ చర్చి 1968లో ఏర్పడింది. 1972లో, స్వలింగ సంబంధం క్రైస్తవ బోధకు పొసగదు అనే వాక్యం వాళ్ళ నియమాల పుస్తకంలో చేరింది. 1984లో అలాంటివాళ్ళను పాస్టర్లుగా అభిషేకించకూడదని ఇంకో నియమం వచ్చింది. 2019 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో దీనికోసమే ప్రత్యేక మహాసభ పెట్టి, 438కి 384 ఓట్లతో పాత నియమాలనే గట్టిచేశారు. అయినా తగాదా తీరలేదు. 2022 మే నెలలో సంప్రదాయం పక్కవాళ్ళు గ్లోబల్ మెథడిస్ట్ చర్చి అని వేరే పెట్టుకున్నారు. 2023 ముగిసేసరికి అమెరికాలో 7,600కు పైగా సంఘాలు, అంటే సుమారు నాలుగింట ఒక వంతు, పాత చర్చిని వదిలిపోయినాయి. 2024లో షార్లట్ మహాసభలో మిగిలినవాళ్ళు 692కి 51 ఓట్లతో అభిషేక నిషేధాన్ని తీసేశారు, 1972 నాటి వాక్యాన్నీ కొట్టేశారు. అదే మే నెలాఖరులో, పది లక్షలకు పైగా సభ్యులున్న ఐవరీ కోస్ట్ శాఖ ఇక మేము మీతో ఉండము అని తీర్మానం చేసింది.

రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం కాబట్టి మా కన్ను ఫైలు మీదికే పోతుంది. ఆ చర్చిల స్థలం, కట్టడం అన్నీ పైసంస్థ కోసం ట్రస్టుగా ఉంటాయి. 2023 ముగిసేదాకా ఉన్న నియమం ప్రకారం, ఆస్తితో బయటికి పోవాలంటే ఓటేసినవాళ్ళలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాల్సి ఉండింది. పైసంస్థకు కట్టే వాటాలో పాత ఏడాది బాకీ తీర్చి, ఇంకో ఏడాదిది కట్టాల్సి ఉండింది. పాస్టర్ల పెన్షను భారంలో తమ పాలు చెల్లించాల్సి ఉండింది. మేము సర్వీసులో ఉండగా జోన్లు విడగొట్టినప్పుడు ఆప్షన్ ఫారాలు ఇచ్చినారు. ఇరవై ఏళ్ళు పక్క సీటులో కూర్చుని టీ తాగినవాడు ఒక సంతకంతో వేరే జోను మనిషి అయిపోయినాడు. అయినా అది ఉద్యోగం, జీతం ఎక్కడైనా వస్తుంది. నూరుమంది సంఘంలో 67 మంది పోదామంటే, మిగిలిన 33 మందికి అమ్మానాయనలకు ఆఖరి ఆరాధన జరిగిన కట్టడమే పోయేది. కొన్ని ఊళ్ళలో ఇటువైపు, కొన్ని ఊళ్ళలో అటువైపు, ఈ కష్టం రెండు పక్కలకూ వచ్చింది.

సంప్రదాయం పట్టినవాళ్ళను రాతి గుండెలు అని మేము అనము. వాక్యం ఓటుకు పెట్టేది కాదు అని వాళ్ళ నమ్మకం. మిషనరీలు నేర్పిన బోధనే పట్టుకొని నిలబడ్డాము, నేర్పిన దేశమే ఇప్పుడు మార్చుకుంటే మేమెందుకు మారాలి అని ఆఫ్రికావాళ్ళు అడిగేదీ న్యాయమైన ప్రశ్నే.

అయితే ఫ్రాంక్ షేఫర్ సంగతి కూడా చూడండి. పెన్సిల్వేనియాలో మెథడిస్టు పాస్టరు. 2007లో తన కొడుకుకు, ఆ కొడుకు కోరుకున్న మగవాడితో పెళ్ళి జరిపించినాడు. ఆరేళ్ళకు ఫిర్యాదు వచ్చింది, 2013లో చర్చి విచారణ పెట్టి పాస్టరు పదవి తీసేశారు. అప్పీలు చేస్తే 2014లో తిరిగి ఇచ్చారు. చార్జిషీటు, ఎంక్వయిరీ, డిస్మిసల్, అప్పీలు, రీఇన్‌స్టేట్‌మెంట్, అంతా మాకు తెలిసిన దారే. ఇన్నేళ్ళ సర్వీసులో కొడుకు పెళ్ళి చేసినందుకు చార్జిషీటు మాత్రం మేము చూడలేదు.

అమెరికా గోల మనకెందుకు అని కొందరు అడిగినారు. 1947 సెప్టెంబరు 27న మన మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లోనే ఆంగ్లికన్లు, బ్రిటిష్ మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్‌వాళ్ళు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయినారు. మెదక్ పక్క తెలుగు మెథడిస్టులు అందులో చేరినారు. హైదరాబాదు, వికారాబాదు పక్క అమెరికా మెథడిస్టు సంఘాలు బయటే నిలిచినాయి. వాళ్ళ మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా 1981 నుంచి తన పాలన తానే చూసుకుంటుంది. అందుకని షార్లట్‌లో ఎవరు ఓటేసినా మన తెలుగు సంఘాల్లో ఒక్క నియమం మారదు. మరి తగాదా మాత్రం ఎందుకు దిగుమతి అయింది?

ఎందుకంటే మన బెంచీల్లోనూ అలాంటి మనుషులు ఉన్నారు. మాకు తెలిసిన ఒక తెలుగు సంఘంలో ఒక బిడ్డ మగపిల్లాడిగా బాప్తిస్మం పొంది, క్వాయర్‌లో పాడి, పంతొమ్మిదో ఏట ఇల్లు వదిలింది. ఇప్పుడు తిరునంగైగా వేరే ఊళ్ళో బతుకుతుంది. స్వలింగ ప్రేమ వేరు, ఇది వేరు అని మా పిల్లలు చెప్తారు, నిజమే. గుడి వాకిట్లో అడ్డుపడే మాటలు మాత్రం రెండింటికీ అవే. పోయిన క్రిస్మసుకు చీర కట్టుకొని వచ్చింది. మన చర్చిల్లో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కదా. ఎక్కడ కూర్చోవాలో తెలియక వాకిట్లో నిలబడింది. తల్లి లేచిపోయి చెయ్యి పట్టుకొని ఆడవాళ్ళ పక్క కడపటి బెంచీలో కూర్చోబెట్టుకుంది. ఆరాధన అయినాక ఒక పెద్దాయన, "ఈరోజు బెంచీ ఇస్తే రేపు అమెరికా గతే" అన్నాడు. ఆ తల్లి, "ఆ పక్క కూర్చుంటే ఏమి, ఈ పక్క కూర్చుంటే ఏమి అన్నా? వానొస్తే రెండు పక్కలా కారేది ఒక కప్పే కదా" అనింది.

తమిళనాడు ప్రభుత్వం తిరునంగైల కోసం 2008లోనే సంక్షేమ బోర్డు పెట్టింది. 2014లో సుప్రీంకోర్టు వాళ్ళను మూడో లింగంగా గుర్తించింది. సర్కారు కాగితంలో చోటు దొరికి, పుట్టిన సంఘంలో బెంచీ దొరకకపోతే ఎట్లా?

ఆ బిడ్డ పాస్టరు పదవి అడగలేదు, పెళ్ళి జరిపించమనలేదు. కూర్చునే చోటు అడిగింది, ప్రభు బల్ల దగ్గర పాలు అడిగింది. రేపు ఇంకెవరైనా వచ్చి పెళ్ళి అడిగితే అప్పుడు వాక్యం ముందు పెట్టుకొని, అడిగినవాళ్ళను ఎదుట కూర్చోబెట్టుకొని మాట్లాడుదాము. మనిషి లేనప్పుడు ఆ మనిషి గురించి ఓటు పెట్టవద్దు అనేదే మా మనవి. సంఘం రిజిస్టరు రాసేది మేమే. ఆ బిడ్డ బాప్తిస్మం వరుస అందులో ఉంది, కొట్టేయమని ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం కమిటీ కూర్చుంటుంది. తల్లినీ బిడ్డనూ పిలిపించి వాళ్ళ మాట కూడా వినాలని అయ్యగారికి రాసి ఇచ్చినాము. ఇంకా జవాబు రాలేదు. ఆ సంఘంవాళ్ళు మన గ్రూపులో చానామంది ఉన్నారు. ఆరోజు తప్పకుండా రండి.