కణం నడిచిన దూరం

నాలుగు వాక్యాల ఆ ఉత్తరం ప్రచురణకర్తల ద్వారా నాకు చేరింది. రాసినది తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియెట్ చదువుతున్న ఒక అమ్మాయి. "అయ్యా, మీ పుస్తకం చదువుకొని వెళ్ళి, పరీక్షలో కణం ప్రయాణించిన దూరం సున్నా అని రాశాను. తప్పన్నారు. మీ పుస్తకంలో అటువంటి లెక్కకు సున్నా అనే ఉంది. కదిలిన కణానికి దూరం సున్నా ఎలా అవుతుందండీ?"

నేను ఆంగ్ల సాహిత్య పట్టభద్రుణ్ణి. గణితంతో నా పరిచయం పదో తరగతితోనే ముగిసింది. ఆ పుస్తకాన్ని అనువదించినప్పుడు సూత్రాలను ఉన్నవున్నట్లు దించి, నడుమనున్న వాక్యాలను తెలుగు చేస్తే చాలుననుకున్నాను.

ఉత్తరం పట్టుకొని మా వీధిలోని లెక్కల మాస్టారి దగ్గరకు వెళ్ళాను. పదవీ విరమణ చేసి చాలాకాలమైనా ఆయన చేతికి సుద్దముక్క అలవాటు పోలేదు. అరుగు మీదనే గీత గీశారు.

"లెక్క చదువు నాయనా."

చదివాను. సరళరేఖపై కదిలే కణానికి టి సెకన్ల వద్ద వేగం, సెకనుకు టి² – 4టి + 3 మీటర్లు. మొదటి 3 సెకన్లలో అది పోయిన దూరమెంత?

"సమాకలనమంటే మరేమీ కాదు. కాలాన్ని సన్నసన్నని ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ అప్పటి వేగంతో గుణించి, అన్నిటినీ కూడటం. అయితే కణం వెనక్కి మళ్ళితే వేగం రుణాత్మకం. అప్పుడు నీ కూడిక తీసివేత అయి కూర్చుంటుంది."

ఈ కణం 1వ సెకను వద్ద క్షణకాలం ఆగుతుంది. అంతవరకు ముందుకు నడిచినది 4/3 మీటర్లు. తరువాతి 2 సెకన్లలో అంతే వెనక్కి వచ్చి, బయలుదేరిన చోటనే నిలుస్తుంది. ఒక్క ఊపున సమాకలనం చేస్తే జవాబు సున్నా. అది స్థానభ్రంశం. దూరం కావాలంటే వేగం సున్నా అయిన చోట కాలాన్ని విడగొట్టి, రుణ చిహ్నం తొలగించి, రెండు భాగాలనూ కలపాలి: 8/3 మీటర్లు.

"బజారుకు పోయి ఇంటికి వస్తే నీ స్కూటరు మీటరు వెనక్కి తిరుగుతుందా?" అన్నారు మాస్టారు.

మూలగ్రంథంలో రెండు వేరువేరు మాటలున్నాయి. స్థానభ్రంశమంటే ఎముక తొలగినట్లు వినిపించి, నేనే రెండింటికీ 'దూరం' అని రాశాను. వేగాన్నీ వడినీ కూడా అలాగే కలిపేశాను. నిఘంటువులో అవి పర్యాయపదాలే. భౌతికశాస్త్రంలో మాత్రం వేగానికి దిశ ఉంటుంది, వడికి ఉండదు. వాక్యం వినసొంపుగా ఉండాలన్న నా ముచ్చటకు ఎవరో పిల్ల మార్కులు చెల్లించింది.

ఆ రాత్రి పుస్తకమంతా వెదికి, పదకొండు తప్పులకు సవరణల పట్టిక తయారుచేసి ప్రచురణకర్తలకు పంపాను. ఒక ప్రతి క్షమాపణతో ఆ అమ్మాయికి పంపాను. పోయిన మార్కులెన్నో అడగటానికి ధైర్యం చాలలేదు.

వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. "పట్టిక అందిందండీ. 94వ పుటలో ఇంకొకటి ఉంది. చూసుకోగలరు."