రుబ్బురోలు ఓడెక్కదు

మా అమ్మాయి జర్మనీ వెళ్ళి ఏడాదిన్నర దాటింది. మొదటి నెల కంపెనీ వాళ్ళిచ్చిన గదిలో ఉండి, తర్వాత మ్యూనిక్‌లో ఒక ఇల్లు అద్దెకి తీసుకుంది. తాళాలు చేతికొచ్చిన సాయంత్రం వీడియో కాల్ చేసి, "అమ్మా, ఇల్లు చూపిస్తా చూడు" అంది. తీరా చూస్తే చూపించడానికి ఏమీ లేదు. తెల్లటి గోడలు, చెక్క నేల, అంతే. పైన బల్బు ఉండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి. వంటగది అని చూపించిన చోట గోడలోంచి నీళ్ళ పైపులు బయటికి వచ్చి ఉన్నాయి. గట్టు లేదు, సింకు లేదు, పొయ్యి లేదు.

"ఇదేంటే, ఇల్లు కట్టడం ఇంకా అవలేదా?" అన్నాను.

నవ్వింది. అక్కడ చాలా ఇళ్ళు ఇలాగే అద్దెకిస్తారట. వంటగది అరలూ, పొయ్యీ, దీపాలూ అన్నీ అద్దెకున్నవాళ్ళ సొంతం. ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకుని పట్టుకుపోతారు, లేదా తర్వాత వచ్చేవాళ్ళకి అమ్ముకుంటారు. ఆరోజు శనివారం. మర్నాడు ఆదివారం, ఆ దేశంలో కొట్లన్నీ మూసేస్తారు. అందుకని ఆ రెండు రాత్రులూ కోటు పరుచుకుని, ఫోన్ లైటు వేసుకుని, బ్రెడ్డూ అరటిపళ్ళూ తిని గడిపింది. ఇల్లు మారిన రెండు వారాల్లో ఆఫీసుకెళ్ళి కొత్త అడ్రసు నమోదు చేయించుకోవాలి కాబట్టి ఆ పని మాత్రం టంచనుగా చేసింది. కాగితాల ప్రకారం కాపురం మొదలైపోయింది. ఇంట్లో మాత్రం చెంచా కూడా లేదు.

ఆ ఖాళీ గది చూసినప్పుడు నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఈ కథ మా ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసు. పిల్లలకి సగమే తెలుసు. అందుకే రాస్తున్నాను.

మా మావగారి వాళ్ళది శ్రీకాకుళం వైపు. ఆ రోజుల్లో అటువాళ్ళు రంగూన్ని "రంగం" అనేవారు. పని కోసం ఓడెక్కితే "రంగం వెళ్ళాడు" అనేవారు. అక్కడ రేవులో బరువులు మోసింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది చాలామట్టుకు మన తెలుగువాళ్ళే. 1930లో రేవు కూలీల మీద అల్లర్లు జరిగినప్పుడు దెబ్బలు తిన్నదీ వాళ్ళే. మా మావగారి తండ్రి కూలీగా వెళ్ళి, కూడబెట్టి, చిన్న కిరాణా కొట్టు పెట్టారు. అది మావగారి చేతికొచ్చింది. మా అత్తగారు పెళ్ళయ్యాక కాపురానికి అక్కడికే వెళ్ళారు. టేకు మంచం, టేకు బీరువా, గోడ గడియారం, ఇంటి నిండా సామాను ఉండేదని చెప్పేవారు.

1962 మార్చిలో నే విన్ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టింది. 1964 మార్చిలో కొట్లు జాతీయం చేశారు. మేలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. అంటే ముందు కొట్టు పోయింది, రెండు నెలల్లో పెట్టెలో ఉన్న డబ్బూ పోయింది. ఆ ఏడాది నుంచీ లక్షకు పైగా మనవాళ్ళు బర్మా వదిలి వచ్చేశారు. కొందరు విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో స్థిరపడ్డారు. మద్రాసులో దిగినవాళ్ళలో చాలామంది వ్యాసర్పాడి వైపు వెళ్ళారు. ఊళ్ళో గుంట భూమి లేని మా మావగారు మాత్రం, తెలిసినవాళ్ళెవరో ఉన్నారని, రేవుకి దగ్గరని, రాయపురంలో ఒక పోర్షన్ అద్దెకి తీసుకున్నారు. దక్షిణాదిలో మొదటి రైలు 1856లో బయలుదేరింది మా రాయపురం స్టేషన్ నుంచే. వచ్చేవాళ్ళని, పోయేవాళ్ళని చూడటం ఈ పేటకి కొత్తేమీ కాదు.

వాళ్ళు ఓడ దిగింది దీపావళికి వారం ముందు. మద్రాసులో అది వానల కాలం. అత్తగారూ మావగారూ, ముగ్గురు పిల్లలూ, ఒక ట్రంకు పెట్టె, రెండు బట్టల మూటలు. గదిలో నేల చెమ్మగా ఉందిట. పాత న్యూస్ పేపర్లు పరిచి, వాటి మీద చీరలు మడతలేసి పిల్లల్ని పడుకోబెట్టారు. పక్క పోర్షన్ తమిళావిడ తలుపు కొట్టి, ఏమీ అడక్కుండా, ఒక బిందె నిండా నీళ్ళు, ఒక కుంపటి, ఒక చాప గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయిందిట. "ఆవిడ మాట నాకు సగమే అర్థమయ్యేది. బిందె మాత్రం పూర్తిగా అర్థమయింది" అనేవారు అత్తగారు.

కొత్త ఇంట్లో ఏది ముందు, ఏది వెనక అని ఆవిడకి ఒక లెక్క ఉండేది. ముందు నీళ్ళు, తర్వాత నిప్పు, తర్వాత పడక. "ఈ మూడూ ఉంటే అది ఇల్లే. మిగతావి నెమ్మదిగా వస్తాయి."

ఇంతవరకూ ఇంట్లో అందరూ చెప్పుకునే కథే. చెప్పుకోని సగం ఒకటుంది.

ఆ మిగతావి నెమ్మదిగా కూడా రాలేదు. మావగారికి రేవు దగ్గర ఒక గిడ్డంగిలో లెక్కలు రాసే పని దొరికింది. నెల జీతం వచ్చేది. కావాలంటే ఒక మంచం, నాలుగు కంచాలు కొనగలిగేవారే. అత్తగారు కొననివ్వలేదు. రంగూన్ కొట్టు తాళం చెవి ఆవిడ కొంగున ఉండేది. "రేపు ప్రభుత్వం మారితే మన కొట్టు మనకిచ్చేస్తారు. ఇక్కడ సామాను కొంటే మళ్ళీ ఎవరికి అమ్ముతాం?" అనేవారట. మూడేళ్ళు అలాగే గడిచాయి. ట్రంకు పెట్టెలో బట్టలు అరల్లోకి ఎక్కలేదు, ఎందుకంటే అరే లేదు. ఇడ్లీకి పిండి కావాలంటే పక్కింటి రోటి దగ్గరికి వెళ్ళి, వాళ్ళ పని అయ్యేదాకా కూర్చుని రుబ్బుకొచ్చేవారు.

ఈ సగం నాకు చెప్పింది అత్తగారు కాదు, మా ఆయన. అప్పుడాయనకి పదేళ్ళు. "స్కూల్లో ఫ్రెండ్సుని ఒక్కసారి కూడా ఇంటికి తీసుకురాలేదు. ఎక్కడ కూర్చోమంటాను? అమ్మకి రంగూన్లో ఇల్లుంది. మాకు మాత్రం ఎక్కడా లేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట దగ్గర గొంతు కాస్త మారింది.

1967లో రంగూన్లో ఉండిపోయిన స్నేహితుడి దగ్గర్నుంచి మావగారికి ఉత్తరం వచ్చింది. మన కొట్టు బోర్డు తీసేశారు, ఇప్పుడది ప్రభుత్వ దుకాణం, నంబరు వేశారు అని. అత్తగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట. నాలుగో రోజు పొద్దున్నే కల్మండపం వైపు వెళ్ళి, రాళ్ళు కొట్టేవాళ్ళతో బేరమాడి, రుబ్బురోలు కొని రిక్షాలో వేయించుకుని వచ్చారు. దించడానికి ఇద్దరు మగవాళ్ళు కావాల్సొచ్చింది. మావగారు ఆఫీసు నుంచి వచ్చి, "ముందు మంచం కొనకుండా ఇదేంటి?" అంటే, "మంచం అయితే మళ్ళీ ఓడెక్కించొచ్చు. ఇది ఎక్కదు" అన్నారట.

కొత్త రోటిలో రాతిపొడి పోయేదాకా తవుడు రుబ్బి పారబోయాలి. వారం రోజులు ఆ పని చేశారు. తర్వాత మంచం వచ్చింది, అలమర వచ్చింది, గోడకి గడియారం వచ్చింది. 1969లో బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్ పెట్టినప్పుడు మావగారికీ అక్కడ ఒక కొట్టు దొరికింది. అరటి ఊచతో, చేపలతో మొహింగా చేసి పక్క పోర్షన్ ఆవిడకి గిన్నె నిండా పంపేవారు. ఆవిడ బిందె, కుంపటి ఎప్పుడో తిరిగిచ్చేశారు గానీ, చాప మాత్రం ఆవిడే తీసుకోలేదు.

ఇప్పుడు మళ్ళీ మా అమ్మాయి దగ్గరికి వస్తాను.

మొదటి నెలలో బల్బులు బిగించుకుంది. చిన్న కరెంటు పొయ్యి, ఒక పరుపు కొంది. పాత సింకూ అరలూ వాడినవి ఎవరి దగ్గరో చవగ్గా దొరికితే పెట్టించుకుంది. అక్కడ జనం అక్కర్లేని సామాను అట్టపెట్టెలో పెట్టి, ఉచితం అని రాసి వీధిలో ఉంచుతారట. అలా ఆరు కప్పులు తెచ్చుకుంది. అత్తగారి లెక్క ప్రకారం నీళ్ళు, నిప్పు, పడక అయ్యాయి. అక్కడితో ఆగిపోయింది. ఏడు నెలలైనా అన్నం నేల మీదే, ఆఫీసు పని పరుపు మీదే. నేను అడిగితే, "ఉంటానో లేదో తెలీదు కదమ్మా. కొంటే మళ్ళీ అమ్మడం తలనొప్పి" అనేది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల సంతోషంగా ఉండేది. కొనలేదంటే వచ్చేస్తుందనుకునేదాన్ని. "అవునమ్మా, అనవసరంగా ఎందుకు ఖర్చు" అని నేనూ వంత పాడాను. పిల్ల నడుం నొప్పి అంటే నూనె రాసుకోమన్నాను గానీ, కుర్చీ కొనుక్కోమనలేదు. ఒకరోజు, "ఆఫీసులో అందరూ నన్ను వాళ్ళ ఇళ్ళకి పిలుస్తున్నారు, నేనే ఎవర్నీ పిలవలేకపోతున్నా" అంది. పక్కనే ఉన్న మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళాను. పెరట్లో రోటి దగ్గర నిలబడి ఉన్నారు. ఆ రోలు ఇప్పుడు ఎవరూ వాడటం లేదు, వాన నీళ్ళు నిలిస్తే కాకులు తాగుతాయి.

ఆ రాత్రి నేనే ఫోన్ చేశాను. నాయనమ్మ రోలు ఎందుకు కొన్నదో మొత్తం చెప్పాను. "నువ్వు వస్తావో రావో తర్వాత చూద్దాం. ఇప్పుడు ఉన్నావు కదా, ఒక బల్ల కొనుక్కో. బరువైనదే కొనుక్కో" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అంటే నన్ను రావద్దంటున్నావా?" అంది. "రావద్దనట్లేదే. ఉన్నన్నాళ్ళూ సరిగ్గా కూర్చుని అన్నం తినమంటున్నా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

పిల్లలు బయటి దేశాల్లో ఉన్న తల్లిదండ్రులు మనలో చాలామంది. ఖాళీ ఇంటికి అలవాటు పడటం కష్టం కాదు, పదిరోజుల్లో వచ్చేస్తుంది. కష్టమల్లా ఆ అలవాటు మానుకోవడమే. పిల్లలు మానుకోలేకపోతే మనం ఒక మాట సాయం చేయాలి.

వాడిన బల్లే, చెక్కది, నాలుగు కుర్చీలతో కొంది. మూడో అంతస్తుకి మోయడానికి కింద ఇంటి పెద్దాయన, ఆయన కొడుకు సాయం పట్టారట. వాళ్ళకి ఆదివారం ఉప్మా చేసి పెట్టింది.

ఇన్నాళ్ళూ మాతో మాట్లాడేటప్పుడు ఫోన్ నేల మీద పెట్టేది. మాకు సగం పిల్ల, సగం పైకప్పు కనపడేవి. మొన్న బల్ల మీద నిలబెట్టి మాట్లాడింది. ఎదురుగా కూర్చున్నట్టే ఉంది.