డ్రాక్యులా ముందు పోయిన కరెంటు

మా రుద్రవరంలో కరెంటు పోవడం వింతేమీ కాదు. 1996 వేసవిలో ఆ వంకే నన్ను అన్న చేతి దెబ్బల నుంచి కాపాడింది.

అన్న నంద్యాల నుంచి రెండు రోజులకని టీవీ గేమ్ అద్దెకు తెచ్చాడు. అందరికీ మారియో దొరికితే మాకు దొరికిన క్యాసెట్టు ‘క్యాజిల్‌వేనియా’. జపాన్‌లో కొనామి కంపెనీ 1986లో తెచ్చిన ఆట. సైమన్ బెల్మాంట్ అనే వీరుడు కొరడా పట్టుకుని డ్రాక్యులా కోటలోకి పోతాడు. గబ్బిలం తగిలినా చాలు, వెనక్కి ఎగిరి గుంటలో పడేవాడు! కొన్ని గోడలు కొడితే మాంసం ముక్క బయటపడేది. తింటే ప్రాణం పెరుగుతుంది. అహోబిలం పక్కనే ఉన్నవాళ్లం కదా, అవ్వ నవ్వింది. ‘‘స్తంభం పగిలితే నరసింహస్వామి వచ్చినాడు గానీ, గోడలో కూర యాడిదిరా?’’

ఆటను మధ్యలో దాచుకునే వీల్లేదు. ఆపితే మళ్లీ మొదటి నుంచే.

రెండోరోజు సాయంత్రం అన్న డ్రాక్యులా దాకా వెళ్లాడు. పొద్దుట్నుంచీ ‘‘ఈ ఒక్కాట అయినాక నీకిస్తా’’ అంటూనే ఉన్నాడు. తలమీద కొరడా దెబ్బలు తిని తిని డ్రాక్యులా పెద్ద మృగంగా మారాడు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. టీవీకి, గేమ్‌కి కలిపి ఒకటే ఎక్స్‌టెన్షన్ బాక్సు, నా కాలి పక్కనే. బొటనవేలితో నొక్కేశాను.

‘‘కరెంటు పోయిందన్నా!’’

అన్న ఏమీ అనలేదు. వైర్లు చుట్టి సంచిలో పెట్టేశాడు. ఆ ఏడే హాస్టల్‌కు వెళ్లాడు. మేమిద్దరం మళ్లీ కలిసి ఆడలేదు.

ఆట మాత్రం ఆగలేదు. డ్రాక్యులా లేస్తూనే ఉన్నాడు, కొరడా తరాలు మారుతూనే ఉంది. 1997లో వచ్చిన ‘సింఫనీ ఆఫ్ ది నైట్’ను నేటికీ ఎందరో అనుకరిస్తున్నారు. 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో బొమ్మల సీరియల్ కూడా వచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుండేది.

మొన్న సంక్రాంతికి అన్న వచ్చాడు. కొన్ని పాత ఆటలు కలిపి కొనామి 2019లో తెచ్చిన సంపుటి మా అబ్బాయి దగ్గరుంది. ఇప్పుడు ఎక్కడికక్కడ దాచుకోవచ్చు. అన్న కళ్లజోడు సర్దుకుని ఆడుతుంటే ఇక ఆగలేక చెప్పేశాను.

తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

‘‘ఆపొద్దు ఫ్యాను తిరుగుతానే ఉన్నింది గదరా.’’