అల్లుడింటి గ్యారేజీ తలుపు

మా అమ్మాయి రెండో పురుటికని 2023 అక్టోబరులో నేనూ, మా ఇంటావిడా అమెరికా వెళ్లాం. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ అనే ఊరు. అమెరికా వెళ్లివచ్చిన పెద్దలు సాధారణంగా నయాగరా గురించి రాస్తారు. మేం నయాగరా చూడలేదు. నేను మూడు నెలలపాటు శ్రద్ధగా చూసింది ఒక తలుపును. అందుకని దాని గురించే రాస్తున్నాను.

పురుటింట్లో ఆడవాళ్లకు క్షణం తీరిక ఉండదు, మగవాడికి క్షణం పని ఉండదు. మూడేళ్ల మనవడితో ఆడుకోవడం, కిటికీలోంచి రాలే ఆకుల్ని చూడడం, అంతే నా ఉద్యోగం. మనవరాలు పుట్టి పది రోజులైంది. తెల్లవారుజామున అయిదింటికి ఇల్లంతా దద్దరిల్లేలా ఒక చప్పుడు. దాని వెనకే పాప ఏడుపు. అప్పుడే కన్నంటుకున్న మా అమ్మాయి ఉలిక్కిపడి లేచేది.

అది గ్యారేజీ తలుపు. మా అల్లుడు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి ఆ వేళకు ఇంటికొస్తాడు. పాప పడుకునే గది సరిగ్గా గ్యారేజీ మీదే ఉంది. నాలుగురోజులు చూసి అతను కారు వీధిలోనే పెట్టడం మొదలెట్టాడు. నవంబరు మంచు. రాత్రంతా పనిచేసి వచ్చినవాడు బూట్లు చేత్తో పట్టుకొని, తన ఇంట్లోకి తానే దొంగలా ముందు గుమ్మంలోంచి వచ్చేవాడు. సాయంత్రం మళ్లీ వెళ్లేటప్పుడు అద్దం మీద పేరుకున్న మంచు గీక్కుంటూ చలిలో నిలబడేవాడు. అది చూసి నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

నేను పుట్టిందీ, పనిచేసిందీ కోలారు బంగారు గనుల్లో. 1976లో అప్రెంటిసుగా చేరి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా వైండింగ్ ఇంజన్ల మరమ్మతు విభాగంలో ఉన్నాను. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గనిలోకి మనుషుల్ని దించి, పైకి లాగే యంత్రాలవి. వాటి మంచిచెడ్డలు మేం కళ్లతో కన్నా చెవులతోనే ముందు పట్టేవాళ్లం. గనులు మూతపడ్డాక ఆ చెవులతో పనిలేకపోయింది. ఇరవైరెండేళ్ల తర్వాత ఒక తలుపు వాటిని మళ్లీ పిలిచింది.

అక్కడి గ్యారేజీ తలుపు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అది పదహారడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. నాలుగు పలకల్ని మడతబందులతో కలిపి చేసిన ఇనుపరేకు తలుపు. ఇరుపక్కలా పట్టాలు, వాటిలో దొర్లే చిన్న చక్రాలు. బొత్తాం నొక్కితే కప్పుకు వేలాడే మోటారు గొలుసుతో లాగుతుంది. పలకలు పట్టాల వెంట ఎక్కి కప్పు కింద వెల్లకిలా పడుకుంటాయి. చూసేవాళ్లు తలుపును మోటారే ఎత్తుతోందనుకుంటారు. కాదు. తలుపు పైన అడ్డంగా ఒక ఇరుసు, దాని మీద బిగించి చుట్టిన స్ప్రింగులు ఉంటాయి. బరువంతా మోసేది అవే. మోటారు పని ఊరికే తోవ చూపించడం. మా గనిలో రెండు కేజీలు ఒకదానికొకటి తూకంగా, ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కేవి. ఇక్కడ ఆ రెండో కేజీ స్థానంలో స్ప్రింగు ఉందన్నమాట.

అల్లుడు అప్పటికే తనకు తోచింది చేశాడు. దొరికిన నూనె అంతటా చల్లాడు. గొలుసు వీణతీగలా బిగించాడు. చప్పుడు ఇంకా పెరిగింది. నేనన్నాను, "బాబూ, ముందు రోగం తలుపుదా, మోటారుదా తేల్చుకుందాం."

అందుకు ఉపాయం తేలికే. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు మోటారు పట్టా నుంచి వేలాడే ఎర్రతాడు లాగితే తలుపుకూ మోటారుకూ పొత్తు తెగుతుంది. తెరిచి ఉన్నప్పుడు లాగకూడదు, స్ప్రింగు చెడి ఉంటే తలుపు నెత్తిన పడుతుంది. ఆ తర్వాత తలుపును చేత్తో ఎత్తి చూడాలి. చప్పుడు లేకుండా లేస్తే తప్పు మోటారుది. చేత్తో ఎత్తినా గోల చేస్తే తప్పు తలుపుది.

ఇద్దరం చెరోపక్క పట్టుకొని ఎత్తాం. గరగరమని చక్రాలు, కిర్రుమని మడతబందులు. ఇంతకన్నా ముఖ్యం, తలుపు రాయిలా బరువుంది. సరైన తలుపు సగం ఎత్తి చెయ్యి సడలిస్తే అక్కడే నిలవాలి. ఇది కిందికి గుంజుకుపోయింది, పట్టి ఆపడమే కష్టమైంది. స్ప్రింగులు సత్తువ కోల్పోయాయి. మామూలు స్ప్రింగులు సుమారు పదివేలసార్లు తెరిచి మూయడానికి లెక్కకట్టి చేస్తారట. రోజుకు నాలుగుసార్లయితే ఏడేళ్లు నిండకుండానే ఆ లెక్క తీరిపోతుంది. వీళ్లు ఇల్లు కొనే ఏడేళ్లు దాటింది. అంటే ఇన్నాళ్లూ ఆ చిన్న మోటారు తనది కాని బరువు లాగుతూ మూలిగిందన్నమాట.

అప్పుడొక అనుమానం వచ్చింది. తిరిగి మోటారు తగిలించి, తలుపు దిగే చోట నేలమీద అంగుళంన్నర మందం చెక్క ఒకటి పరిచి బొత్తాం నొక్కమన్నాను. దిగే తలుపు అడ్డు తగలగానే తిరిగి పైకి లేవాలి. ఇది లేవలేదు. చెక్కను అలాగే అదిమి, మూలుగుతూ నిలబడిపోయింది. నా పక్కన మూడేళ్ల మనవడు చప్పట్లు కొడుతున్నాడు. తలుపు దిగుతుంటే దాని కిందనుంచి పరుగెత్తడం వాడికి ఆట. నా ఒళ్లు చల్లబడింది.

మోటారు వెనక చూస్తే, లాగుడు శక్తిని పెంచే మరలు రెండూ చివరిదాకా తిప్పి ఉన్నాయి.

"ఇవి ఎవరు తిప్పారు బాబూ?"

"నేనే మామయ్యా. రెండు నెలల కిందట తలుపు సగంలో ఆగిపోతుంటే తిప్పాను. అప్పట్నించీ ఆగడం లేదు."

అల్లుణ్ణి కోప్పడే ఆచారం మన ఇళ్లల్లో లేదు. పైగా కోప్పడే అర్హత నాకూ లేదు. అప్రెంటిసు రోజుల్లో ఒక పంపు మోటారు మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే, రిలే మర బిగించి పని నడిపించి మెప్పు కోసం చూశాను. మా మేస్త్రీ వచ్చి, "ఆగిపోతోందంటే అది నీతో ఏదో చెప్పుకుంటోందిరా. నువ్వు దాని నోరు నొక్కావు" అన్నాడు. ఆ సంగతే అల్లుడికి చెప్పాను. అతను ఏమీ అనలేదు. మనవణ్ణి ఎత్తుకొని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ రోజు నుంచి బాగయ్యేదాకా తలుపు మూసే ఉంచాం.

నిజం చెప్పాలంటే స్ప్రింగులు నేనే మారుద్దామని చేతులు దురదపెట్టాయి. ఇరవైయేళ్లకు పైబడి చేతికి పని తగలనివాడి దురద అది. కాని చుట్టి ఉన్న స్ప్రింగు జారితే చెయ్యి విరుగుతుంది, ప్రాణమూ పోవచ్చు. తగిన కడ్డీలు నా దగ్గర లేవు, ఆ పని ఒక్కసారీ చెయ్యలేదు, నాకు అరవైయేడు. గనిలో మాకు మొదట నేర్పింది ఏది ముట్టుకోకూడదో. ఆ పని చేసేవాణ్ణి పిలిపించాం. అతను గంటలో రెండు స్ప్రింగులూ మార్చాడు. అడుగున తీగతాళ్లు తగిలించిన చోట ఉండే రెండు చక్రాలూ అతని చేతే మార్పించాం, అక్కడా బిగువు ఉంటుంది.

మిగిలింది మామా అల్లుళ్ల పని. పైనున్న ఎనిమిది ఇనుప చక్రాల్నీ ఒక్కొక్కటిగా తీసి నైలాను చక్రాలు వేశాం. వదులైన బోల్టులు బిగించాం. మడతబందులకు తెల్ల గ్రీజు కొద్దిగా పెట్టాం. పట్టాలకు మాత్రం గ్రీజు పెట్టకూడదు, దుమ్ము పట్టి చక్రాలు జారతాయి. గుడ్డతో తుడిస్తే చాలు. గొలుసును మోటారు పుస్తకంలో చెప్పినంత వదులు చేశాం. ఇక ఆఖరిది. అక్కడి ఇళ్లు చెక్కతో కట్టినవి. మోటారు అదురు దూలాలకు పాకి, తంబురా బుర్రలా ఇల్లంతా మోగుతుంది. మోటారును వేలాడదీసిన ఇనుప పట్టీలకూ దూలాలకూ మధ్య రబ్బరు దిండ్లు పెట్టాం. చివరగా శక్తి మరలు తగ్గించి మళ్లీ చెక్క పెట్టి చూశాం. తలుపు చెక్కను తాకి, తప్పయిందన్నట్టు వెంటనే పైకి లేచింది. తలుపు కింద అడ్డొచ్చినవాళ్లను గుర్తుపట్టే కాంతికళ్లు అమెరికాలో 1993 నుంచి తప్పనిసరిగా ఉన్నాయి. వాటినీ తుడిచి, చీపురు అడ్డంపెట్టి పరీక్షించాం.

మర్నాడు తెల్లవారుజామున నాకు నాలుగింటికే మెలకువ వచ్చింది. అయిదింటికి కింద సన్నగా రొద, కుండలో నీళ్లు కాగుతున్నంత. పాప కదల్లేదు. అమ్మాయి కదల్లేదు. నేను దిగి వంటింట్లోకి వెళ్లేసరికి అల్లుడు కాఫీ కలుపుతున్నాడు. నాకూ ఒక గ్లాసు ఇచ్చాడు. ఇద్దరం మాట్లాడకుండా తాగాం.

మన పాఠకుల్లో చాలామంది పిల్లలు ఆ దేశంలో ఉన్నారు. వెళ్లినప్పుడు వాళ్ల తలుపు కింద కూడా ఒక చెక్క పెట్టి చూడమని నా మనవి. మన దుకాణాల రోలింగు షట్టర్లకూ ఇదే మాట. బరువెక్కిన షట్టరును బలం కొద్దీ లాగకండి, దాని స్ప్రింగు మీరు విప్పకండి.

మా అల్లుడు ఇప్పటికీ నెలకోసారి ఫోను చేస్తాడు. క్షేమసమాచారాలయ్యాక, "మామయ్యా, చెక్క పెట్టి చూశాను, తిరిగి లేచింది" అంటాడు.