డెవన్: ఎర్రనేల మీద పచ్చని గట్లు

ఇంగ్లండ్ నైరుతిలో, ఉత్తరానా దక్షిణానా సముద్రం ఉన్న కౌంటీ డెవన్. దీని నడుమ డార్ట్‌మూర్ గ్రానైట్ పీఠభూమి ఉంది. అందులో ఎత్తైన హై విల్‌హేస్ శిఖరం 621 మీటర్లు. తూర్పున క్రెడిటన్ పరిసరాల్లో దున్నిన పొలం ఇటుక రంగులో కనిపిస్తుంది. ఒకప్పటి ఎడారి ఇసుకరాళ్లలోని ఇనుము తుప్పే ఆ ఎరుపు.

డెవన్ రూపురేఖలు మాత్రం పొలాల హద్దుల్లో ఉన్నాయి. ఇక్కడ కంచె అంటే వరసగా నాటిన మొక్కలు కాదు. మట్టిపోసి, పక్కలకు రాయో పచ్చికగడ్డలో పేర్చి కట్టిన గట్టు, దానిపై హేజెల్, హాథార్న్, బ్లాక్‌థార్న్ పొదలు. ఇలాంటివి సుమారు 53,000 కిలోమీటర్ల మేర ఉన్నాయని అంచనా. చాలా గట్లు మధ్యయుగాలవి. డార్ట్‌మూర్ మీది 'రీవ్స్' అనే రాతి హద్దులు కంచుయుగానివి, అంటే మూడువేల ఏళ్లు దాటినవి. గట్టు పశువులకు గాలిచాటు. వాలుమీద మట్టి కొట్టుకుపోకుండా అడ్డు. డార్మౌస్ అనే చిట్టెలుకకు ఇల్లూ దారీ.

గట్టు మీది పొదను వదిలేస్తే చెట్లయి, మొదళ్ల దగ్గర కంతలు పడతాయి. అందుకే చలికాలంలో వాటిని వాల్చి పరుస్తారు. కాండాన్ని మొదట్లో ఏటవాలుగా నరికి, బెరడూ సన్నని చెక్కబద్దా మాత్రం మిగిల్చి, గట్టు వెంబడి పడుకోబెట్టి కొంకికర్రలతో బిగిస్తారు. ఆ బద్దలోంచే నీరెక్కి, వసంతానికి మొదలంతా చిగుళ్లు వేస్తుంది. దీనికి చేయి తిరిగిన మనిషి కావాలి, కూలీ ఎక్కువ. ట్రాక్టరు యంత్రంతో ఏటా ఒకే ఎత్తున కత్తిరించడం చవక, కానీ పొద పైన గుబురుగా, కింద బోలుగా తయారవుతుంది.

ఈ నేలనూ కంచెలనూ కాపాడే చట్టాలకు కొదవలేదు. 1949 చట్టం కింద డార్ట్‌మూర్ 1951లో, సోమర్సెట్‌తో పంచుకునే ఎక్స్‌మూర్ 1954లో జాతీయ ఉద్యానాలయ్యాయి. ప్రకృతి సౌందర్య ప్రాంతాలుగా గుర్తించిన మరికొన్నింటిని 2023 నుంచి 'నేషనల్ ల్యాండ్‌స్కేప్స్' అంటున్నారు. అందాన్ని కాపాడి పెంపొందించడమే వీటి లక్ష్యం. 1997 నిబంధనల ప్రకారం సాధారణంగా 20 మీటర్లకు తగ్గని పొలం కంచెను తీసేయాలంటే ముందుగా స్థానిక అధికారులకు తెలపాలి. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కంచెలు కత్తిరించరాదని 2024 నిబంధనలు చెబుతున్నాయి. పీకేయడాన్ని ఇవి ఆపగలవు, నిర్లక్ష్యాన్ని ఆపలేవు. కంచె వాల్చే రైతుకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఆ లోటును కొంత పూడుస్తోంది.

ఇళ్లదీ ఇదే కథ. బంకమట్టిలో గడ్డి కలిపి తొక్కి, వరసలుగా పెట్టిన 'కాబ్' గోడలు ఈ ఎర్రనేల సొత్తు. తెలుగు పల్లెల మట్టిగోడలు తెలిసినవారికి వీటి గుణం చెప్పనక్కర్లేదు. పైన చూరు, కింద రాతి పునాది సరిగా ఉంటే శతాబ్దాలు నిలుస్తాయి. గట్టిదనం కోసమని సిమెంటు పూస్తే తేమ బయటికి పోక గోడ లోపలే మెత్తబడుతుంది. బాగుచేయాలంటే సున్నమే దారి.

ప్రస్తుతం పెద్ద దెబ్బ యాష్ చెట్లకు తగిలింది. వాటిని ఎండబెట్టే శిలీంధ్ర తెగులు బ్రిటన్‌లో 2012లో బయటపడింది. డెవన్ కంచెల్లో ఈ చెట్లు విరివి కాబట్టి రోడ్ల వెంట కొట్టివేత తప్పడం లేదు. బదులుగా ఒకే జాతి కాకుండా ఓక్, ఫీల్డ్ మేపుల్, రోవన్ వంటివి కలిపి పెంచాలన్నది పాఠం. కొత్తగా నాటడం కన్నా తేలికైన పద్ధతీ ఉంది: గట్టులో తనంతట తాను మొలిచిన మొక్కకు, ట్రాక్టరు నడిపేవాడికి కనబడేలా రంగు చీటీ కట్టి, దాని జోలికి పోకుండా కత్తిరిస్తారు.