మంటకు మందు

మంట కనబడగానే మన చెయ్యి నీళ్ల బిందె మీదికే పోతుంది. తరతరాల అలవాటు అది. కట్టెకో గడ్డికో అంటుకున్న నిప్పు దగ్గర ఆ అలవాటు ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. ఇప్పటి ఇళ్లలో మాత్రం ప్రమాదం నూనె నుంచి, గ్యాసు నుంచి, కరెంటు తీగ నుంచి వస్తోంది. వీటి దగ్గర ఆ అలవాటునే నమ్ముకుంటే ప్రాణం మీదికొస్తుంది.

నీళ్లనే నమ్ముకోకుండా ఆలోచించిన పాతకాలపు ఊళ్ల తెలివిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఎండాకాలం, వడగాలి, పక్కపక్కనే తాటాకు ఇళ్లు. ఒక కప్పు అంటుకుందని కేక వినబడితే ముందు ఎవరో ఒకరు కొడవలి పట్టుకుని పశువుల పాక వైపు పరుగెత్తేవారు. ముడి విప్పే వ్యవధి ఉండదు కనక పలుపులు కోసేసి గొడ్లను వదిలేసేవారు. ఆ తర్వాత కాలుతున్న ఇంటిని వదిలిపెట్టి, గాలివాటున ఉన్న పక్కింటి కప్పెక్కి ఆకు పీకి పారేసేవారు. అవతలి కప్పుల మీద తడి గోనెసంచులు పరిచేవారు. అంటుకున్న ఇల్లు ఎలాగూ దక్కదు, బావి నీళ్లు ఎన్ని తోడినా చాలవు. మంటకు ముందున్న మేత తీసేస్తే మిగిలిన వీధి దక్కుతుంది. ఎండలు ముదరకముందే అటవీశాఖవాళ్లు అడవిలో ఎండుటాకులు ఊడ్చి ఫైర్‌లైన్లు తీసేదీ ఇందుకే.

మంట బతకడానికి కాలే వస్తువు, గాలిలోని ఆక్సిజన్, వేడి కావాలి. వీటిలో ఏ ఒక్కటి అందకపోయినా చస్తుంది. ఏ మంటకు ఏది అందకుండా చేయాలో తెలియడమే ఆర్పే విద్య.

బూరెల మూకుడు సంగతి చూడండి. నూనె మరీ కాగి, పొగలు చిమ్మి, ఉన్నట్టుండి భగ్గుమంటుంది. కంగారులో చెంబుడు నీళ్లు పోశామా, అగ్నికి ఆజ్యం పోసినట్టే. నీళ్లు నూనెకన్నా బరువు కనక అడుగుకు దిగి, ఆ వేడికి క్షణంలో ఆవిరైపోతాయి. ఆవిరైన నీరు దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. ఆ విసురుకి మండే నూనె తుంపరలై సీలింగ్ దాకా ఎగుస్తుంది. అలాంటప్పుడు స్టవ్ కట్టేసి, పెద్ద మూతో పళ్లెమో పక్కనుంచి జరుపుతూ మూకుడు మీద మూసేయాలి. ఆరిందా లేదా అని మూత ఎత్తి తొంగిచూడకూడదు. నూనె చల్లారకముందే గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది. మూకుడెత్తుకుని సింకు వైపు పరుగెత్తడం అన్నిటికన్నా ప్రమాదం.

వంటగ్యాసు గాలికన్నా బరువైనది, నేలబారున పేరుకుంటుంది. దానికి సొంత వాసన లేదు. లీకైతే మనకు తెలియాలనే ఆ ఘాటు వాసన కలుపుతారు. అది ముక్కుకు తగిలితే లైటు వేయకూడదు, వెలుగుతున్నదాన్ని ఆపనూ కూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తీసి, బయటికి వచ్చాకే 1906కు ఫోన్ చేయాలి.

ఆర్పడమే వృత్తిగా ఉన్నవాళ్లకు కూడా ఒక్కోసారి మంట లొంగదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుంది. దాని కడుపులో పత్తి బేళ్లున్నాయి, పేలుడు సామగ్రీ ఉంది. 900 టన్నులకు పైగా నీళ్లు కొట్టారు. దట్టమైన పొగలో మంట మొదలు ఎక్కడో దొరకలేదు, ఓడలో చేరిన నీళ్లు సలసల కాగాయి. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. మంటతో పోరాడుతున్న అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల స్మృతికే. ఆ వారం రోజుల్లో ఫైర్ స్టేషన్ వాళ్లు బడుల్లోనూ కూడళ్లలోనూ గ్యాసు సిలిండర్‌కు నిప్పంటించి, తడి గోనె కప్పి ఆర్పి చూపిస్తారు. అది పిల్లల వినోదం అనుకుని దాటిపోకూడదు. వంటింట్లో తిరిగే ప్రతి మనిషీ నిలబడి చూడాల్సిన పాఠం అది.

మన అపార్ట్‌మెంట్లలో లిఫ్టు పక్కన మంటలార్పే ఎర్ర సిలిండర్ వేలాడుతూ ఉంటుంది. దాన్ని వాడటం కష్టం కాదు. పిన్ను లాగి, గొట్టం మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. పైకెగిసే నాలుకల మీద కొడితే అందులోని పొడి వృథా. చిన్న సిలిండరైతే అర నిమిషం కూడా రాదు. అందుకే బయటికి పోయే దారి వెనకే ఉండేట్టు చూసుకుని నిలబడాలి. లొంగేట్టు లేకపోతే పంతానికి పోవద్దు. మనుషుల్ని బయటికి తెచ్చి, తలుపు మూసి, 101కి ఫోన్ చేయాలి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకూడదు. ఈ రోజే ఆ ఎర్ర సిలిండర్ దగ్గరికి వెళ్లి మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో చూడండి. లేకపోతే సొసైటీవాళ్లను వదలకుండా అడగండి. ఇంట్లో అమ్మకూ పిల్లలకూ పనిచేసే అమ్మాయికీ దాన్ని ఎలా వాడాలో చూపించండి. మంట లేచే వేళకు ఇంట్లో ఎవరుంటారో ఎవరికి తెలుసు?