చెరకు సీమలో ఒక పగటి కిరాయి: ఇందూరు నుంచి బోధన్ మీదుగా

నిజామాబాద్ పట్టణానికీ, దానికి పడమట సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోధన్‌కూ మధ్య విస్తరించిన చెరకు సీమను ఒక పగటిలో చూడదలచిన యాత్రికునికి స్థానిక డ్రైవరుతో కూడిన కిరాయి కారును మించిన సాధనం లేదు. బోధన్‌కు బస్సులు విరివిగానే నడుస్తాయి గానీ, ఈ సీమలో చూడవలసినవాటిలో చాలా భాగం బస్సు ఆగని చోట్లనే ఉన్నాయి: కాలువ తూముల దగ్గర, మూతపడిన కర్మాగారాల గేట్ల ముందు, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపు ఊళ్ళలో. వాటి దగ్గర ప్రవేశ రుసుము తీసుకునేవారు ఉండరు, వివరించే పలకలూ ఉండవు. ఎక్కడ ఆగాలో, ఆగినచోట ఒకప్పుడు ఏమి జరిగేదో తెలిసిన మనిషి స్టీరింగ్ వెనుక ఉంటేనే ఆ దారి అర్థమవుతుంది.

ఈ ప్రాంతంలో కారును మాట్లాడుకునే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది గంటలను, కిలోమీటర్లను కలిపి ముందే ఖాయం చేసే పద్ధతి; పెద్ద నగరాల్లో వాడుకలో ఉన్న 8 గంటలు, 80 కిలోమీటర్ల లెక్క ఇప్పుడు జిల్లా కేంద్రాల ట్రావెల్స్ కార్యాలయాలకూ చేరింది. ఆ హద్దు దాటితే గంటకింత, కిలోమీటరుకింత అని అదనంగా చెల్లించాలి. రెండవది పాత పద్ధతి: కారుకు రోజు కిరాయి వేరు, డీజిల్ ఖర్చు పార్టీది, డ్రైవర్ బత్తా వేరు. పార్టీ అంటే కారు మాట్లాడుకున్నవారు. బత్తా అంటే డ్రైవరు భోజనానికీ, రాత్రి ఆలస్యమైతే బసకూ ఇచ్చే సొమ్ము. ఏ పద్ధతిలో మాట్లాడుకున్నా కారు పసుపు పలకపై నల్ల అక్షరాలున్నదై ఉండటం ముఖ్యం. తెల్ల పలక సొంత వాహనానికి గుర్తు గనుక, దానిని కిరాయికి తిప్పితే అనుమతి ఉల్లంఘన అవుతుంది, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారానికి అడ్డుచెప్పే వీలు కూడా ఉంటుంది. ఈ జిల్లా పలకల మీద ఏపీ 25, టీఎస్ 16, టీజీ 16 అనే మూడు వరసలూ నేటికీ పక్కపక్కనే తిరుగుతున్నాయి. మొదటిది 2014కు ముందరిది, రెండవది తెలంగాణ ఏర్పడిన తరువాతది, మూడవది 2024 నుంచి అమల్లోకి వచ్చినది.

మరొక సంగతి ముందుగానే తేల్చుకోవాలి. నిజామాబాద్‌లో కారెక్కిన పార్టీలలో అధికులు పిల్లల అక్షరాభ్యాసానికి బాసర సరస్వతీ ఆలయానికి వెళ్ళేవారే గనుక, ప్రత్యేకంగా చెప్పకపోతే డ్రైవర్లు అశోక్‌సాగర్, అలీసాగర్ చూపించి బండిని గోదావరి వైపే మళ్ళిస్తారు. ఈ ప్రయాణంలో బాసర వద్దనీ, చెరకు దారే కావాలనీ యాత్రికుడు చెప్పినప్పుడు, యాభై ఏళ్ళు దాటిన ఆ డ్రైవరు కాసేపు ఆలోచించి, అయితే శక్కర్‌నగర్ కాడ ఎక్కువసేపు ఆగాలని తానే నిర్ణయించారు. ఆయన తండ్రి ఆ కర్మాగారంలో సీజన్ కార్మికునిగా, అంటే చెరకు ఆడే నెలల్లో మాత్రమే పని దొరికే కార్మికునిగా చేసినవారు. ఇటువంటి డ్రైవరు దొరకడం అదృష్టమేమీ కాదు. బోధన్, ఎడపల్లి పరిసరాల నుంచి వచ్చి కారు నడుపుతున్నవారి ఇళ్ళలో చెరకుతో, చక్కెరతో సంబంధం లేనిది అరుదు. కారు మాట్లాడుకునేటప్పుడు ధరతో పాటు డ్రైవరుది ఏ ఊరో అడగటం ఈ కారణంగానే అవసరం.

ప్రయాణం జనవరి ఉదయం ఖిల్లా దగ్గర మొదలైంది. ఇందూరు అన్న పాత పేరున్న కాలం నుంచీ పట్టణానికి ఆనవాలుగా నిలిచిన ఈ గుట్టపై రఘునాథాలయం ఉంది. కోటలోనే నిజాం కాలపు జైలు కూడా ఉండేది. సంస్థానంపై పోరాడిన దాశరథి కృష్ణమాచార్యను ఇక్కడ బంధించినప్పుడు ఆయన కాగితం, కలం లేక బొగ్గుతో గోడలపై పద్యాలు రాసిన సంగతి తెలుగు సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధం. తోటి ఖైదీగా వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. జైలు జీవితాన్ని కథలుగా మలచిన ఆయన పుస్తకం ‘జైలు లోపల’. గుట్ట ఎక్కే మలుపులో పాత గోడ రాళ్ళ మధ్య సున్నం ఊడి, చెయ్యి పట్టేంత సందులు ఏర్పడ్డాయి. ఆ ఎత్తు నుంచి చూస్తే పట్టణపు మిద్దెల ఆవల పడమటి దిక్కున యాసంగి నాట్ల కోసం నీరు కట్టిన మళ్ళు పొగమంచులో కనిపిస్తాయి. యాసంగి అంటే చలికాలంలో నాటి వేసవిలో కోసే పంట. ఆ నీటి కథే మిగిలిన దారి కథ. తిలక్ గార్డెన్‌లోని పురావస్తు ప్రదర్శనశాల, కంఠేశ్వర్‌లోని నీలకంఠేశ్వరాలయం వేరొక రోజు తీరికగా చూడదగినవి. ఒక పగటిలో వాటినీ ఇరికిస్తే చెరకు సీమకు వేళ మిగలదు.

అర్సపల్లి దాటి బోధన్ రోడ్డుపై కొంతదూరం పోగానే సారంగాపూర్ వస్తుంది. ఇక్కడి హనుమాన్ ఆలయాన్ని సమర్థ రామదాసు స్థాపించారన్నది స్థానిక సంప్రదాయం. రోడ్డును ఆనుకొని ఉన్న నిజామాబాద్ సహకార చక్కెర కర్మాగారం మాత్రం మూతపడి చాలా కాలమైంది. సహకార కర్మాగారం అంటే చెరకు పండించే రైతులే వాటాదారులుగా ఉండే సంస్థ. అది నిలిచిపోతే రైతు పంట అమ్ముకునే చోటుతో పాటు తన వాటా ధనాన్ని కూడా పోగొట్టుకుంటాడు. జానకంపేట దగ్గర రైలు మార్గమూ చీలుతుంది, రోడ్డూ చీలుతుంది. రెండింటిలోనూ ఒక పాయ బోధన్‌కు, మరొకటి బాసర వైపుకు సాగుతుంది. బాసర దారిలో కొద్దిదూరం లోపలికి వెళ్ళి అశోక్‌సాగర్ చెరువును, అక్కడి బండరాళ్ళ మధ్య నిలిపిన సరస్వతీ విగ్రహాన్ని చూసి కారు అలీసాగర్‌కు మళ్ళింది.

అలీసాగర్‌ను ఉద్యానంగా, జింకల పార్కుగా, గుట్టపై ఉన్న వేసవి విడిదిగా చూపించడం పరిపాటి. దాని అసలు ప్రాముఖ్యం వేరు. మంజీర నదిపై అచ్చంపేట వద్ద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుంచి బయలుదేరే కాలువ వ్యవస్థలో ఈ జలాశయం ఒక భాగం. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరుగా, మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో నిర్మించిన ఆ ప్రాజెక్టు 2,75,000 ఎకరాల ఆయకట్టును, అంటే కాలువ నీరు పారే భూమిని, లక్ష్యంగా పెట్టుకుంది. తరువాతి దశాబ్దాలలో జలాశయంలో పూడిక చేరి చివరి భూములకు నీరందక, గోదావరి నుంచి కోస్లీ దగ్గర నీటిని పైకి తోడే అలీసాగర్ ఎత్తిపోతల పథకం కట్టవలసి వచ్చింది. తోట చూడటానికి వచ్చినవారు గేటు దగ్గరే ఆగిపోతారు. డ్రైవరు మాత్రం యాత్రికుణ్ణి కట్ట మీదికి తీసుకువెళ్ళి, కాలువ ఏ దిక్కున పోతుందో చేయి చాపి చూపించారు. ఈ పగటిలో ఆయన చేసిన మొదటి ముఖ్యమైన పని అదే.

ఎడపల్లి దాటాక శక్కర్‌నగర్. నిజాంసాగర్ నీరు వచ్చిన కొద్ది సంవత్సరాలకే, 1937లో, ఇక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారమని ఈ ప్రాంతంలో తరాలుగా చెప్పుకున్నారు. చెరకు ఇతర పంటల వంటిది కాదు. నాటిన తరువాత పది నుంచి పన్నెండు నెలలు నీరు కోరుతుంది, నరికిన మోడు నుంచి మళ్ళీ పిలకలు వేసి రెండో పంట ఇస్తుంది, నరికిన గడలను మాత్రం ఒక రోజులోపు గానుగకు చేర్చకపోతే తీపి దిగిపోతుంది. ధాన్యంలాగా గాదెలో దాచి మంచి ధర వచ్చినప్పుడు అమ్ముకునే వీలు దానికి లేదు. అందువల్ల కర్మాగారం ఎవరి తోట ఏ రోజున నరకాలో నిర్ణయిస్తూ కటింగ్ ఆర్డర్ అనే అనుమతి చీటీ ఇచ్చేది. ఆ చీటీ చేతికందిన రోజున ఇంటిల్లిపాదీ, కూలీలూ తోటలో ఉండేవారు. ఎడ్లబండ్లు, తరువాతి కాలంలో ట్రాక్టర్లు కాంటా దగ్గర, అంటే బండితో సహా చెరకును తూచే చోట, రాత్రంతా వరసలో నిలిచేవి. “సీజన్‌ల ఈ రోడ్డు మీద బండ్లు తప్ప మనిషి కానరాకపోయేది సార్. బండ్ల కిందనే పండుకునేటోళ్ళు. మా బాపు సైరన్ ఇనంగనే సద్ది పట్టుకొని ఉరికేటోడు,” అని డ్రైవరు వివరించారు.

యాత్రికుడు వచ్చినది సరిగ్గా క్రషింగ్ సీజన్‌లో, అంటే చెరకు ఆడవలసిన నెలల్లోనే. కర్మాగారం గేటుకు తాళం ఉంది. ప్రహరీ వెంట ముళ్ళకంప పెరిగింది, లోపల పొగగొట్టం నిలిచి ఉన్నా పొగ లేదు. బెల్లం కాచినప్పటి వాసనా, చెరకు పిప్పి కుప్పలూ లేవు. 2002లో ప్రభుత్వం సంస్థలో 51 శాతం వాటాను ప్రైవేటు కంపెనీకి అప్పగించగా నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ ఏర్పడింది; బోధన్‌తో పాటు మెదక్ దగ్గరి మంబోజిపల్లి, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట యూనిట్లు కూడా దాని కిందికే వెళ్ళాయి. 2015 డిసెంబర్ 23న మూడింటికీ లేఆఫ్ ప్రకటించారు. లేఆఫ్ అంటే ఉద్యోగం తీసివేయకుండానే పని నిలిపివేయడం. కార్మికుడు కాగితం మీద ఉద్యోగిగా ఉంటాడు గానీ, పనీ ఉండదు, పూర్తి జీతమూ ఉండదు. ఆ స్థితిలో వేతన బకాయిల కోసం కార్మికులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. సంస్థ చివరకు దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ అంశాన్ని పరిశీలించడానికి మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీని నియమించింది. నీరు, నేల, పంట నేర్చిన రైతు, యంత్రం నేర్చిన కార్మికుడు ఒకేచోట కుదిరిన ఇటువంటి తావు దేశంలో అరుదు. దానిని మూతపడనివ్వడం ఈ జిల్లాకు జరిగిన పెద్ద అన్యాయమని చెప్పక తప్పదు.

గేటు ఎదురుగా కారు ఆపి నిలుచున్న సేపట్లో డ్రైవరు పరిచయస్థులు ఇద్దరు ముగ్గురు వచ్చి చేరారు. పాత క్వార్టర్ల వరసలు, ఆస్పత్రి, బడి, కార్మికులు సినిమాలు చూసిన మైదానం ఎక్కడెక్కడ ఉండేవో వారు ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటూ చెప్పారు. అక్కడ వారి మాట వినడం తప్ప వేరే పని లేదు. యాత్రికునికి ఈ పగటిలో దక్కిన విలువైన గంట అదే.

బోధన్ పట్టణం చక్కెరకు ఎన్నో శతాబ్దాల ముందరిది. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన నగరం ఇదేనని చరిత్రకారులు గుర్తిస్తారు; జైన సంప్రదాయంలో బాహుబలి ఏలిన పౌదనపురంగా, స్థల పురాణంలో భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురంగా కూడా దీనిని చెప్పుకుంటారు. పట్టణం నడుమ ఉన్న దేవల్ మసీదు పూర్వం ఆలయంగా ఉండి, తుగ్లక్ కాలంలో మసీదుగా మారిందని జిల్లా చరిత్ర రచనలు పేర్కొంటాయి. గుమ్మటాలు, మినార్లు ఊహించుకొని వచ్చినవారికి రాతి స్తంభాల మండపం ఎదురవుతుంది. స్తంభాల మీది చెక్కడాలు చేతుల రాపిడికి నునుపెక్కి ఉన్నాయి. ఇక్కడి వీధుల్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే దుకాణం ముందు వినిపిస్తాయి. సాలూర వద్ద మంజీర దాటితే మహారాష్ట్ర. వంతెన ఆవలికి కిరాయి కారు వెళ్ళాలంటే తగిన పర్మిట్, అంటే పొరుగు రాష్ట్రంలో తిరగడానికి పన్ను చెల్లించి పొందిన అనుమతి, ఉండాలి గనుక ఆ కోరిక ఉన్నవారు ఉదయమే చెప్పాలి.

మధ్యాహ్నం తరువాత రెండు దారులలో ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి త్రివేణీ సంగమం ఒక వైపు, బాన్సువాడ రోడ్డు మీది రుద్రూర్ మరొక వైపు. నీటి వెంటే వచ్చిన ప్రయాణం గనుక యాత్రికుడు రుద్రూర్‌నే కోరుకున్నాడు. అక్కడి ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన కేంద్రం రెండు పంటలనూ ఒకే ఆవరణలో పరీక్షించే సంస్థ. బయటి పొలాల్లో మాత్రం రెండింటి మధ్య పోటీ ముగిసిపోయినట్టే కనిపిస్తుంది. దారి పొడవునా వరి మళ్ళే. చెరకు మిగిలిన రైతులు దానిని కామారెడ్డి జిల్లాలోని ప్రైవేటు కర్మాగారాలకు తోలుకోవలసి వస్తుంది. వరిని ఊళ్ళోని కొనుగోలు కేంద్రంలోనే మద్దతు ధరకు అమ్ముకోవచ్చు. వర్ని, రుద్రూర్ పరిసరాలలో పేరు చివర క్యాంపు అని ఉండే ఊళ్ళు నిజాంసాగర్ నీరు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి భూములు కొని వచ్చిన రైతు కుటుంబాలవి. వారి తరువాతి తరాలు తెలంగాణ మాటతో కలిసిన తీరు డ్రైవరు పలకరింపులకు వచ్చిన జవాబుల్లోనే వినిపించింది.

సాయంత్రం నిజామాబాద్ స్టేషన్ దగ్గర లెక్క చూసుకున్నప్పుడు కిలోమీటర్లు ఒప్పుకున్న హద్దును దాటాయి, గంటలూ దాటాయి. ఆగిన వేళను వెయిటింగ్ కింద, అంటే బండి ఊరికే నిలిచిన సమయంగా లెక్కకట్టడం వాడుక. శక్కర్‌నగర్‌లో గడిచిన గంటకు ఆ పేరు తగదని భావించి యాత్రికుడు బత్తాతో కలిపి పూర్తి పని గంటగానే చెల్లించాడు. ఇంకొక పగలు చేతిలో ఉన్నవారు ఇదే డ్రైవరును తెల్లవారకముందే పిలిచి, బాన్సువాడ మీదుగా అచ్చంపేట దాకా పోయి నిజాంసాగర్ కట్టను చూడటం మంచిది. ఎగువన వానలు బాగా పడిన ఏడాదైతే సెప్టెంబరులో వెళితే గేట్లు ఎత్తిన వేళ దొరకవచ్చునని ఆయన సూచించారు.